లైకు డోలీ మోయదు

తమ్ముడూ, చెల్లీ! గజపతినగరంలో బస్సు కోసం నిలబడి ఫోన్లో డోలీ వీడియో చూస్తావు. ఏడుపు బొమ్మ పెట్టి, షేర్ చేసి, ఇంకో వీడియోకి పోతావు. ఆ గర్భిణిది ఏ ఊరో అడిగావా?

సాలూరు మండలం కొదమ వాళ్లు 2020లో ఏం చేశారు? సర్కారు వెయ్యకపోతే చందాలేసుకుని కొండమీదికి రోడ్డు తామే వేసుకున్నారు. సోనూ సూద్ ట్వీట్ ఆ తర్వాతే వచ్చింది. ముందు చెయ్యి, తర్వాత ఫోను.

మనం తిరగేశాం. గ్రూపులో వందలమంది, గ్రామసభకి పదిమంది. పక్క గూడెం కుర్రాడితో కామెంట్లలో కొట్లాట, సంతలో ఎదురైతే పలకరింపే లేదు.

పోస్టులు ఆపమనట్లేదు. పోస్టు పెట్టాక ఆ ఊరెళ్లు. అర్జీ రాయించు, సోమవారం కలెక్టరాఫీసుకి అందరూ కలిసి వెళ్లండి. రోడ్డెయ్యాల్సింది సర్కారే. లైకులకి అది భయపడదు, కలిసొచ్చే జనానికి భయపడతాది.