కాపురానికి రమ్మనే డిక్రీ

హిందూ వివాహం ఒప్పందం కాదని, అది సంస్కారమని, అగ్నిసాక్షిగా వేసిన ఏడడుగులతో పడిన ముడిని మనుషులెవరూ విప్పలేరని తెలుగు సమాజంలో తరతరాలుగా వినిపిస్తున్న మాటకు చట్టంలో కూడా ఒక చోటు దొరికింది. అది 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్. భార్యాభర్తల్లో ఒకరు తగిన కారణం లేకుండా విడిగా వెళ్లిపోతే, వారిని తిరిగి కాపురానికి రావలసిందిగా ఆదేశించమని రెండోవారు కోర్టును కోరడానికి ఆ సెక్షన్ వీలు కల్పిస్తుంది. చట్ట పరిభాషలో దీని పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. కక్షిదారుల మాటల్లో ఇది కాపురానికి రమ్మని వేసిన కేసు. విడాకులు పడమటి దేశాల నుంచి వచ్చిపడిన జాడ్యమని, కాపురాన్ని నిలబెట్టే ఈ సెక్షన్ మాత్రం మన ధర్మం నుంచి పుట్టిందని నమ్మేవారు న్యాయవాదుల్లో కూడా ఉన్నారు. చరిత్ర ఈ రెండు నమ్మకాలనూ ఒప్పుకోదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం దంపతులిద్దరికీ పరస్పర ద్వేషం ఏర్పడినప్పుడు వివాహం నుంచి విముక్తిని అంగీకరించింది. బ్రాహ్మం మొదలైన నాలుగు ధర్మవివాహాలకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. అంటే విడదీయరాని బంధమన్న సూత్రం ఆ గ్రంథంలోనే కొన్ని వివాహాలకు పరిమితమైన నియమం తప్ప హిందువులందరి ఆచారం కాదు. తెలుగునాట అనేక శ్రామిక కులాల్లో కులపెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకోవడం, ఆ తరువాత స్త్రీ మారుమనువు చేసుకోవడం సాధారణ విషయాలుగానే సాగాయి. 1955 చట్టం 29వ సెక్షన్‌లో ఆచారసిద్ధమైన విడాకుల హక్కును ప్రత్యేకంగా కాపాడవలసి రావడానికి కారణం అటువంటి ఆచారాలు దేశమంతటా సజీవంగా ఉండడమే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆంధ్ర జిల్లాల హిందువులకైతే ద్విభార్యాత్వాన్ని నిషేధించి విడాకులను అనుమతించే చట్టం 1949లోనే వచ్చింది. అగ్రవర్ణాల గృహనియమం కాలక్రమంలో అందరి సంస్కృతిగా చెలామణి కావడం వల్ల, కింది కులాల స్త్రీలకు ఆచారం ఇచ్చిన స్వేచ్ఛ కూడా మర్యాద తక్కువ వ్యవహారంగా ముద్రపడింది. ఈ నష్టం గురించి సంస్కృతిని కీర్తించేవారు మాట్లాడకపోవడం విచారకరం.

ఇక కాపురానికి రమ్మనే దావా సంగతి. దాని పుట్టుక ఇంగ్లండులోని క్రైస్తవ మత న్యాయస్థానాల్లో జరిగింది. వివాహంపై అధికారం చర్చిదే అయిన కాలంలో, విడిగా ఉన్న దంపతుల్ని కలపడం ఆ న్యాయస్థానాల పని; ఆజ్ఞ మీరినవారికి మొదట మతబహిష్కారం, 1813 తరువాత జైలు శిక్ష ఉండేవి. బ్రిటిష్ న్యాయమూర్తుల ద్వారా ఈ పరిహారం భారతదేశానికి చేరింది. బొంబాయిలో దాదాజీ భికాజీ తన భార్య రఖ్మాబాయిపై 1884లో వేసిన దావా దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పదకొండేళ్ల వయసులో పెళ్లయి, ఎన్నడూ కాపురానికి వెళ్లని ఆమెను ఇప్పుడు బలవంతంగా పంపడం కుదరదని, ఇటువంటి దావాకు హిందూ ధర్మశాస్త్రంలో ఆధారం లేదని జస్టిస్ పిన్హే 1885లో తీర్పు చెప్పాడు. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు; 1887లో, భర్త దగ్గరకు వెళ్లాలని, లేదా ఆరు నెలలు జైలుకు వెళ్లాలని కోర్టు ఆదేశించగా, ఆమె జైలుకే సిద్ధపడింది. ధర్మరక్షణ పేరుతో తిలక్ పత్రిక కేసరి భర్త పక్షం వహించింది. అంటే ఆనాడు హిందూ ధర్మంగా సమర్థన పొందినది ఇంగ్లీషు చర్చి విధానమే. చివరకు రాజీ కుదిరి, రఖ్మాబాయి ఇంగ్లండు వెళ్లి వైద్యురాలిగా తిరిగి వచ్చింది. ఆ పరిహారాన్ని పుట్టించిన ఇంగ్లండు 1970లో చట్టం చేసి దాన్ని రద్దు చేసుకున్నది; భారతదేశం ఇంకా అట్టిపెట్టుకున్నది.

ఈ సెక్షన్‌ను అత్యంత లోతుగా ప్రశ్నించిన తీర్పు తెలుగువారి హైకోర్టు నుంచే వెలువడింది. పదహారేళ్ల వయసులో వివాహమై, కొద్దికాలానికే భర్త నుంచి వేరుపడిన నటి సరితను కాపురానికి రప్పించమని ఆమె భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేయగా, ఆ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షన్ రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించారు. కాపురం చేయమని ఆదేశించడమంటే ఇష్టం లేని లైంగిక సంబంధానికి రాజ్యం ఒక వ్యక్తిని నెట్టడమేనని, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం స్త్రీ చేతిలో నుంచి జారిపోతుందని, అది జీవించే హక్కులోని ఏకాంతతకు, మానవ గౌరవానికి భంగమని ఆయన వాదం. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ సమానంగా వర్తించేలా కనిపించినా, గర్భం మోసేది స్త్రీ కాబట్టి దాని భారం ఆమె మీదే పడుతుందని కూడా ఆయన గుర్తించారు. ఏకాంతతను ప్రాథమిక హక్కుగా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ధ్రువీకరించడానికి, అంటే 2017 నాటి పుట్టస్వామి తీర్పుకు, ఇది ముప్ఫై నాలుగేళ్ల ముందటి మాట.

ఆ తీర్పు ఎంతోకాలం నిలవలేదు. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, దాంపత్య హక్కు వివాహ వ్యవస్థలోనే ఇమిడి ఉందని, ఈ సెక్షన్ సంసారాలు కూలిపోకుండా ఆపే సామాజిక ప్రయోజనాన్ని నెరవేరుస్తుందని పేర్కొన్నది. ఆ కేసులోని వాస్తవాలు ఈ అభిప్రాయానికి ఏమాత్రం బలమివ్వవు. తనను భర్త దగ్గరకు చేర్చమని పిటిషన్ వేసింది భార్య; భర్త అంగీకరించడంతో 1978లో డిక్రీ వచ్చింది; ఏడాది గడిచిన వెంటనే, డిక్రీ తరువాత కూడా కాపురం జరగలేదు కనుక విడాకులివ్వమని భర్త కోర్టుకెక్కాడు; సుప్రీంకోర్టు ఆ విడాకులను ఖాయం చేసింది. ఇది సాధ్యం కావడానికి కారణం అదే చట్టంలోని 13(1ఎ) నిబంధన. పునరుద్ధరణ డిక్రీ వచ్చిన ఏడాదిలోగా దంపతులు కలిసి జీవించకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చునని అది చెబుతుంది. కాపురాన్ని కాపాడుతుందని కీర్తి పొందిన సెక్షన్ ఆచరణలో విడాకులకు మెట్టుగా పనిచేస్తున్నదని చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

ఫ్యామిలీ కోర్టుల్లో పనిచేసే న్యాయవాదులకు దీని మరో ఉపయోగం కూడా బాగా తెలుసు. భార్య మనోవర్తి కోసం, అంటే పోషణ ఖర్చు కోసం కేసు వేయగానే, భర్త తరఫున కాపురానికి రమ్మనే పిటిషన్ దాఖలవుతుంది. పిలిచినా రాలేదు కనుక డబ్బు ఇవ్వనవసరం లేదన్నది ఆ ఎత్తుగడ వెనక ఉన్న వాదన. భార్య తరఫు న్యాయవాదులు కూడా కాపురం పట్ల ఆమెకు సుముఖత ఉన్నదని రుజువు చేయడానికి అదే సెక్షన్‌ను ఆశ్రయించడం కద్దు. ఇరుపక్షాలకూ కలిసి బతికే ఉద్దేశం లేకపోయినా, ఉన్నట్టు ప్రమాణపత్రాలు రాయించే విధానం న్యాయవృత్తికి గౌరవం తెచ్చేది కాదు. డిక్రీని ధిక్కరించినందుకు జైలుకు పంపే పద్ధతిని 1923లోనే తొలగించినా, ఆస్తి జప్తు చేసే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇప్పటికీ ఉంది. భర్త పునరుద్ధరణ డిక్రీ పొందినంత మాత్రాన భార్య మనోవర్తి హక్కు దానంతట అదే పోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఎందరో స్త్రీలకు ఈ మాట దశాబ్దాల ముందే అవసరమైంది.

వివాహాన్ని సంస్కారంగా చూసే దృష్టి స్త్రీకి రక్షణ కల్పిస్తుందన్న మరో విశ్వాసం ద్విభార్యాత్వ కేసుల్లో వీగిపోతుంది. రెండో పెళ్లి నేరమని రుజువు కావాలంటే అది విధ్యుక్తమైన కర్మకాండతో జరిగినట్టు నిరూపించాలని 1965లో భావురావు శంకర్ లోఖండే కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఫలితంగా, మొదటి భార్య ఉండగానే మరో స్త్రీతో ఊరందరి ఎదుట కాపురం పెట్టిన పురుషుడు సైతం సప్తపది జరిగినట్టు సాక్ష్యం లేదన్న కారణంతో శిక్ష తప్పించుకోగలుగుతున్నాడు. మంత్రతంతు ఎంత పవిత్రమైతే, దాన్ని ఎగవేసినవాడికి అంత లాభం.

సరిదిద్దలేనంతగా విరిగిపోయిన వివాహాన్ని, ఎవరి తప్పు ఎంతన్న విచారణ లేకుండా, విడాకులకు కారణంగా గుర్తించాలని లా కమిషన్ 1978లో తన 71వ నివేదికలో సూచించింది. ఆ మేరకు 2013లో రాజ్యసభ ఆమోదించిన సవరణ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. 2023లో శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేకాధికారంతో అటువంటి వివాహాలను రద్దు చేయవచ్చునని చెప్పింది గాని, ఆ అధికారం కింది కోర్టులకు లేదు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో వాయిదాల చుట్టూ తిరిగే దంపతులకు ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉండదు. ఆస్తిలో, ఆదాయంలో భార్యకు న్యాయమైన వాటాను విధిగా నిర్ణయించే నిబంధనతో కలిపి ఈ సవరణను పార్లమెంటు తీసుకురావాలి. వాటా లేని సులభ విడాకులు ఆమెను వీధిన పడేస్తాయన్న భయం నిరాధారం కాదు. 9వ సెక్షన్ విషయంలో అంత సంక్లిష్టత కూడా లేదు. దాన్ని తొలగించాలని లా కమిషన్ 2018 నాటి సంప్రదింపు పత్రంలో సూచించింది, అందుకు ఒక చిన్న సవరణ చాలు.