గొంతును బట్టి పాట



ఈ సంచికలో దేశం గురించీ, విజ్ఞానం గురించీ పెద్ద పెద్ద విషయాలు వ్రాసేవాళ్ళు వుంటారు. నేను వ్రాయబోయేది చిన్న విషయం. ఏటా మన పాటల పోటీలో స్టేజీ ఎక్కి పరువు పోగొట్టుకొని దిగివచ్చే వాళ్ళ తరఫున నాలుగు మాటలు. ఆ జాబితాలో నేనూ వున్నాను గనుక నాకా హక్కు వుందనుకుంటాను.

పోయిన యేడు వార్షికోత్సవంలో నేనొక సినిమా పాట ఎత్తుకున్నాను. అందరికీ తెలిసిన పాట. ఫోనులో ట్రాకు పెట్టారు. పల్లవి బాగానే నడిచింది. చరణంలో పై స్థాయి అందుకోవలసిన చోట నా గొంతు రెండుగా చీలిపోయింది. హాలు గొల్లుమంది. వెనక వరుసల్లోంచి ఎవరో కోడికూత కూశారు. నేను ఆగిపోయాను, ట్రాకు మాత్రం ఆగలేదు. స్టేజీ దిగి తిన్నగా హాస్టలుకు పోయి దుప్పటి ముసుగు పెట్టాను. నాకు పాట రాదు, ఇక జన్మలో నోరు తెరవకూడదు అని ఆ రాత్రే తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానం తప్పని నాకు తెలియజెప్పింది సంగీత విద్వాంసులెవరూ కాదు, మా అమ్మ.

మాది తెనాలి వైపు పల్లెటూరు. మూడెకరాల మాగాణి. ఆ తర్వాత నాట్ల రోజుల్లో ఇంటికి పోయాను. నేను గట్టు మీద నుంచి నారు కట్టలు అందిస్తున్నాను. చేలో ఒకావిడ పాట ఎత్తుకుంది. రెండు మాటలయినా కాకముందే మా అమ్మ, "అంత పైన ఎత్తుకుంటే మేమెక్కడ అందుకుంటాం వదినా? దించి ఎత్తుకో" అంది. ఆవిడ నవ్వేసి దించి ఎత్తుకుంది. మిగతా వాళ్ళందరూ అందుకున్నారు. దించినందుకు ఆవిడ చిన్నబుచ్చుకోలేదు, దించమన్నందుకు మా అమ్మ సిగ్గుపడలేదు. పొద్దుగూకేదాకా వంగి నాటుతూ పాడాలంటే గొంతు నిలవాలి కదా!

రాత్రి అన్నాల దగ్గర నా స్టేజీ కథ బయటపెట్టాను. "పాట రాకపోవడమేంట్రా? నీది మీ నాయన గొంతు, కింది గొంతు. పైన ఎత్తుకుంటే అట్టాగే అవుద్ది" అంది అమ్మ. నాయన కంచంలోంచి తలెత్తకుండానే, "మెట్టలో వాళ్ళు మిరప వేశారని మనం మాగాణిలో మిరప వేస్తామా? నేలను చూసుకోవద్దూ?" అన్నాడు. ఆ మాట నాకు బాగా పట్టింది.

నేను సైన్సు విద్యార్థిని. అమ్మ చెప్పినా సరే, ఒకసారి కొలిచి చూడందే మనస్సు వూరుకోదు. మన ఫిజిక్సు ల్యాబులో ట్యూనింగ్ ఫోర్కుల పెట్టె వుంది. 256 ఫోర్కు సెకనుకు 256 సార్లు కంపిస్తుంది; ఆ వరసలో 288, 320, అలా 512 దాకా వుంటాయి. ఒక సాయంత్రం ఒక్కొక్క ఫోర్కూ మోగించి నా గొంతు కలిపి చూశాను. 256 సుఖంగా కలిసింది. 288 కాస్త పట్టుదల మీద కలిసింది. 320 దగ్గర మెడ నరాలు లేచాయి. ఇంతకీ నేను పోటీలో పాడిన పాట నాలుగో శ్రుతిలోది. దాని చరణం తార స్థాయి రిషభం దాకా ఎక్కుతుంది. లెక్క వేస్తే అది దాదాపు 390! 288 దగ్గర ఆగే గొంతుతో 390 ఎక్కబోయాను. చీలదూ మరి?

దీనికి కారణం మనం సోనోమీటరు మీద చూసిందే. తీగ పొడుగైతే ధ్వని కిందికి దిగుతుంది, బిగిస్తే పైకి ఎక్కుతుంది. గొంతులో వుండే స్వరతంత్రులు అనే కండ మడతలదీ ఇంచుమించు అదే తంతు. ఆడవాళ్ళకు అవి పొట్టి, మగవాళ్ళకు పొడుగు. మగవాళ్ళలోనూ అందరికీ ఒకే పొడుగు కావు. యుక్తవయస్సు వచ్చేసరికి మగపిల్లల కంఠం పెరిగి, గొంతు సుమారుగా ఒక స్థాయి దిగిపోతుంది. స్థాయి దిగడమంటే కంపనాలు సగమవడమే. ఏడో తరగతిలో పై శ్రుతిలో పాడి ప్రైజు తెచ్చుకున్నవాణ్ణి నేను. గొంతు దిగిపోయింది, నేనేమో ఇంకా ఆ ఏడో తరగతి పాటల్నే పట్టుకు వేళ్ళాడుతున్నాను.

సాధన చేస్తే గొంతు పెరగదా అని మీరు అడగవచ్చు. పెరుగుతుంది. పైన ఒకటి రెండు స్వరాలు, కింద ఒకటి రెండు స్వరాలు కలిసివస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, వున్న స్వరాలు నిగ్గుతేలుతాయి. అయితే తంత్రుల పొడుగు సాధన వల్ల మారేది కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మూడు స్థాయిల్లోనూ అవలీలగా తిరిగారంటే అది కోటికొక్కరికి దక్కే వరం. మనలో చాలామందికి ఒకటిన్నర స్థాయి హాయిగా పలికితే అదే పదివేలు. సినిమా పాట పాడుకోవడానికి అది చాలు కూడాను.

అసలు పై శ్రుతి మీద మనకింత మోజు ఎందుకు? నాకు తోచిన కారణం ఇది. మైకులు లేని రోజుల్లో పద్యనాటకాలు ఆడేవారు, ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి పద్యం వినపడాలంటే హెచ్చు శ్రుతిలో ఎత్తక తప్పేది కాదు. మా ప్రాంతం నాటకాలకు పెట్టింది పేరు గనుక, "శ్రుతి ఎంత?" అని అడిగి నటుడికి విలువ కట్టిన ముసలివాళ్ళను నేనెరుగుదును. కాలం మారింది, మైకు వచ్చింది, అలవాటు మాత్రం మిగిలిపోయింది. మైకు ముందు అరవనవసరం లేదు. 1955 లో వచ్చిన మిస్సమ్మలో ఎన్.టి.ఆర్. గారికి పాడిన ఏ.ఎం. రాజా గొంతు ఎంత మెత్తనిది! కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారు అరుపన్నది లేకుండా మెల్లగా పాడే ఆ గొంతుతోనే కన్నడంలో రాజ్‌కుమార్ గారికి ఏళ్ళ తరబడి పాడి మెప్పించారు. వాళ్ళు ఇంకొకరి గొంతును అరువు తెచ్చుకోలేదు.

ఇక, నేను పడ్డ గోతిలో పడకుండా ఏం చేయాలో చెబుతాను. నిద్ర లేచీ లేవగానే గొంతు కొలవకండి; అప్పుడు గొంతు మామూలు కంటే కిందికి వుంటుంది. సాయంత్రం హార్మోనీ గానీ, ఫోనులో శ్రుతి గానీ పెట్టుకోండి. మగవాళ్ళకు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులూ, ఆడవాళ్ళకు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులూ నప్పుతాయి. అక్కడ మొదలుపెట్టి కిందికి దిగండి. గాలి తప్ప స్వరం లేని చోటు మీ అడుగు. పైకి ఎక్కండి. దొంగ గొంతు పెట్టకుండా, మెడ బిగించకుండా పలికే ఆఖరి స్వరం మీ కొస. స్టేజీ మీద భయానికి ఒక స్వరం ఎటూ పోతుంది గనుక, కొసకు ఒక మెట్టు కిందనే హద్దు గీసుకోండి. తర్వాత పాట తీసుకొని అందులో అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందో వెతకండి. అది సాధారణంగా చరణంలో దాక్కుంటుంది. పల్లవిని చూసి మోసపోవద్దు, చరణాన్ని చూసి శ్రుతి పెట్టుకోండి. నా నాలుగో శ్రుతి పాటను ఒకటో శ్రుతికి దించితే ఆ రిషభం 390 నుంచి 294 కు దిగివచ్చింది. గొంతు ఇక చీలలేదు గానీ, అదీ నా హద్దు మీదే! అప్పుడు తెలిసింది, శ్రుతి దించినా కొన్ని పాటలు మనవి కావని. అలాంటివి విని ఆనందించాలి. శివశంకరీ పాట వింటే వొళ్ళు పులకరిస్తుంది, కాని పోటీలో మొదటిసారి ఎక్కేవాడు ఎత్తుకోవలసిన పాట కాదది.

ఇదంతా నవ్వులాట విషయం కాదని చెప్పడానికి ఇంకొక్క మాట. మన కాలేజీలోనే ఒక అమ్మాయి వుంది. నిండైన కింది గొంతు. మొదటి సంవత్సరంలో పాడితే "మగగొంతు" అని ఎగతాళి చేశారు. ఆమె మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఎగతాళి చేసినవాళ్ళకు అది ఒక్క పూట సరదా. ఆమెకు పాటే పోయింది. పొట్టిగా వున్నాడని మనిషిని వెక్కిరించడం ఎంత తప్పో, కింది గొంతని వెక్కిరించడమూ అంతే తప్పు.

అందుచేత యూనియన్ వారికి నాదొక విన్నపం. పోటీ దరఖాస్తులో పేరు, గ్రూపు పక్కన "శ్రుతి" అని ఒక గడి పెట్టండి. ముందు రోజు హార్మోనీ వాయించే వారిని పిలిపించి ఒక గంట అందరి శ్రుతులూ సరిచూడండి. ట్రాకు పెట్టక తప్పదంటే, శ్రుతి మార్చే సదుపాయం ఇప్పుడు ఫోనుల్లోనే వుంది, దాన్ని వాడండి. న్యాయనిర్ణేతలను ఎంత పైకి పాడారని కాక, ఎంత శ్రుతిలో పాడారని చూడమనండి. వీటికి ఖర్చేమీ లేదు.

ఈ యేడు నేను మళ్ళీ పేరు ఇస్తున్నాను. ఒకటో శ్రుతి. 256 దాటని పాట, నా గొంతుకు తగ్గ పాట. బాగుంటే చప్పట్లు కొట్టండి. బాగాలేకపోతే కోడికూత కూయండి, ఫరవాలేదు. ఒక్క మనవి, ఆ అమ్మాయి గనక పేరు ఇస్తే మాత్రం నోరు మూసుకొని వినండి. అంత మంచి గొంతు మన కాలేజీలో ఇంకొకటి లేదు.