ఇంట్లో డబ్బు నిద్రపోవడం లేదు భాయ్, ఉన్నది మన పిల్లల హక్!



మదనపల్లె, పుంగనూరు, కుప్పం మొహల్లాల్లో లోన్ ఏజెంట్లు ఒక తియ్యటి మాట పట్టుకుని తిరుగుతున్నారు. "మీ ఇంట్లో డబ్బు ఊరికే నిద్రపోతోంది భాయ్, లేపుదాం" అంటారు. ఇల్లు కట్టినప్పుడు తీసుకున్న లోన్ సగం తీరింది. ఈలోగా స్థలాల ధరలు పెరిగాయి. పాత లోన్ మేం కట్టేస్తాం, పెరిగిన ధర మీద కొత్త లోన్ ఇస్తాం, పైన ఇన్ని లక్షలు చేతికి వస్తాయి అని చెప్తారు. టాప్-అప్ అనండి, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనండి, మార్టిగేజ్ లోన్ అనండి, పేరు ఏదైనా పని ఒకటే. తీరిపోతున్న ఖర్జ్‌ను మళ్లీ మొదటికి తేవడం.

నేను సాఫ్‌గా చెప్పదలుచుకున్నది ఇది: ఆ ఇంట్లో డబ్బు నిద్రపోవడం లేదు. అక్కడ ఉన్నది డబ్బు కాదు, ఇల్లు. అందులో నిద్రపోతున్నది మీ అమ్మీ, మీ బీవీ, మీ పిల్లలు. షాదీ ఖర్చు కోసం, జోడే కీ రఖమ్ కోసం, దిఖావా కోసం ఆ ఇంటిని మళ్లీ తనఖా పెట్టడం అంటే, ఒక్క రాత్రి దావత్‌కు వాళ్ల నెత్తి మీది నీడను పణంగా పెట్టడం. ఇది అఖల్‌కూ విరుద్ధం, దీన్‌కూ విరుద్ధం.

ముందు హిసాబ్ చూద్దాం. నీతులు తర్వాత.

ఒక ఇంటి లోన్‌లో ఇంకా 10 లక్షల బాకీ ఉంది, పదేళ్లు మిగిలి ఉంది, వడ్డీ 9 శాతం అనుకోండి. నెల కిస్తీ 12,668 రూపాయలు. పదేళ్లూ కట్టి తీరిస్తే మొత్తం సుమారు 15 లక్షల 20 వేలు. అంతటితో ఆజాదీ. ఇప్పుడు ఏజెంట్ వచ్చాడు. పాత 10 లక్షలకు ఇంకో 8 లక్షలు కలిపి 18 లక్షల కొత్త లోన్, 20 ఏళ్ల ముద్దత్, 9.5 శాతం వడ్డీ. కిస్తీ 16,778 అవుతుంది. "నెలకు నాలుగు వేలే కదా ఎక్కువ, 8 లక్షలు చేతికొస్తున్నాయి" అంటాడు. అబద్ధం కాదు. కానీ 16,778ని 240 నెలలతో గుణించండి. 40 లక్షల 26 వేలు దాటుతుంది. పాత లెక్కలో 15 లక్షల 20 వేలతో అయిపోయేది. అంటే చేతికి వచ్చిన 8 లక్షలకు మీరు అదనంగా కడుతున్నది 25 లక్షలు! ఏజెంట్ నోట 4 వేలు మాత్రమే వినిపిస్తుంది. ఈ 25 లక్షలు మాత్రం వినిపించవు.

"ఇరవై ఏళ్లలో రూపాయి విలువ తగ్గుతుంది కదా" అని చదువుకున్న కుర్రాళ్లు వాదిస్తారు. జీతం ఏటా పెరిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ మాట కొంత చెల్లుతుంది. నలభై ఐదేళ్ల టైలర్‌కు, లారీ డ్రైవర్‌కు, టమాటా మార్కెట్‌లో బరువులు మోసే హమాలీకి, నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద కూర్చునే నేతగాడికి చెల్లదు. వాళ్లకు ఇంకో ఇరవై ఏళ్లంటే అరవై ఐదో ఏడు. అప్పటికి చూపు, నడుం, మోకాళ్లు ఎలా ఉంటాయో అల్లాకే తెలుసు. టమాటా ధర సంగతి మదనపల్లెలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక నెల కిలో వంద దాటుతుంది, ఇంకో నెల కోత కూలీ కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. మన మార్కెట్ ఆదాయం ఆ టమాటాలాగే ఎగిరిపడుతూ ఉంటుంది. కిస్తీ మాత్రం ప్రతి నెలా అదే తారీఖున వస్తుంది.

ఇక వడ్డీ కూడా నిలకడగా ఉండదు. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 2022 మేలో 4 శాతం నుంచి బయలుదేరి 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. కిస్తీ పెంచకుండా ముద్దత్ సాగదీసినందువల్ల, ఎన్నో లోన్లు తీరాల్సిన తారీఖు ఇంకా ముందుకు జరిగింది. 2025లో నాలుగు విడతలుగా అదే రేటు 5.25కి దిగింది. "రేట్లు తగ్గాయి, ఇదే మౌకా" అని చెప్పేవాళ్లకు ఒకటే జవాబు: తగ్గిన రేటు మళ్లీ పెరగదని రాసిస్తావా?

సరే, ఈ 8 లక్షలు ఎక్కడికి పోతున్నాయి? దుకాణానికా, మిషన్‌కా, పిల్లల చదువుకా? అలాంటివీ ఉన్నాయి, కాదనను. కానీ మన ఇళ్లలో పెద్ద రఖమ్ కావలసి వచ్చేది ఎప్పుడో మనందరికీ తెలుసు. బిడ్డ నిస్బత్ కుదిరిన రోజు. జోడే కీ రఖమ్, జహేజ్, బండి, ఫర్నిచర్, ఫంక్షన్ హాల్, వెయ్యి మందికి బిర్యానీ. దీన్‌లో పెళ్లికొడుకు మీద మెహర్ ఉంది, వలీమా ఉంది. అమ్మాయి తండ్రి మీద ఏ ఖర్చూ లేదు. మనం ఉల్టా చేశాం. మెహర్ కాగితం మీద, అదీ ఉధార్. జోడే కీ రఖమ్ మాత్రం నికాహ్‌కు ముందే నగద్! 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్‌ను మినహాయించిందే గానీ జోడేను మినహాయించలేదు. అంటే ఇది షరీఅత్ ప్రకారం నాజాయజ్, దేశ చట్టం ప్రకారం జుర్మ్. ఈ జుర్మ్ చేయడానికి మనం ఇల్లు తనఖా పెట్టి వడ్డీ కడుతున్నాం!

ఇక్కడ మన బుజుర్గులతో, ఇమామ్ సాహెబ్‌లతో అదబ్‌గా ఒక సవాల్. జుమ్మా బయాన్‌లో సూద్ హరామ్ అని చెప్తారు. సంతోషం. సూద్ మీద తెచ్చిన డబ్బుతో జరిగే నికాహ్‌కు మాత్రం ముందు వరసలో కూర్చుని దువా చేసి వస్తారు. "ఈ దావత్ ఎలా జరుగుతోంది భాయ్, ఇల్లు సలామత్‌గా ఉందా?" అని ఎవరైనా అడిగారా? సూద్ తీసుకునేవాడి మీద, ఇచ్చేవాడి మీద అంత కోపం ఉన్నప్పుడు, సూద్‌లోకి నెట్టేవాడి మీద, అంటే జోడే అడిగే అబ్బాయి తండ్రి మీద ఎందుకు లేదు? అబ్బాయి తండ్రి అడగకపోతే అమ్మాయి తండ్రి బ్యాంకు గడప ఎక్కడు. గునాహ్ లెక్క అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఇంకో విషయం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన పాత మొహల్లాల్లో చాలా ఇళ్లు ఇంకా దాదా పేరు మీదే ఉన్నాయి. విరాసత్ పంచలేదు. లోన్ కోసం వెళ్తే వారసులందరి దస్తఖత్ అడుగుతారు. అప్పుడు అన్నలకు చెల్లెళ్లు గుర్తొస్తారు! అత్తగారింటి నుంచి పిలిపించి, చాయ్ ఇచ్చి, "సంతకం పెట్టు బేటీ, ఊరికే ఫార్మాలిటీ" అంటారు. ఫార్మాలిటీ కాదు తల్లీ! హక్కు వదులుకునే కాగితమైతే నీ వాటా అక్కడితో పోతుంది. కో-అప్లికెంట్‌గానో జామీనుగానో పెట్టే సంతకమైతే ఇంకా ప్రమాదం. వాటా పోవడమే కాదు, బాకీ నీ మీదికీ వస్తుంది. సూరె నిసాలో ఆడబిడ్డల హిస్సా తేల్చి చెప్పారు. ఖర్జ్ తీర్చాకే విరాసత్ పంచాలన్న ఖాయిదా కూడా అక్కడే ఉంది. అంటే తండ్రి 20 ఏళ్ల ఖర్జ్ మిగిల్చి పోతే, పంచడానికి ఉండేది గోడలు కాదు, కిస్తీలు. ఒక కూతురి షాదీ కోసం చేసిన తనఖాను మిగతా కూతుళ్లు, కొడుకులు, బేవా అయిన తల్లి కడతారు. ఇది ఇన్సాఫా?

2025 జూన్‌లో కుప్పం మండలంలోని ఒక ఊళ్లో, భర్త తెచ్చిన 80 వేల అప్పు తీరలేదని ఒక ఇల్లాలిని చెట్టుకు కట్టేశారు. దేశమంతా చూసింది, సిగ్గుపడింది. కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. అది జుల్మ్ కాబట్టి పోలీసులు వచ్చారు. ఇంటి మీద లోన్ సంగతి వేరే. అక్కడ మిమ్మల్ని ఎవరూ చెట్టుకు కట్టరు, అంతా ఖానూన్ ప్రకారమే జరుగుతుంది. కిస్తీ 90 రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీస్ వస్తుంది. ఆ తర్వాత కోర్టు డిక్రీ లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. రెండు పత్రికల్లో ప్రకటన వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో. మన పేరు, తండ్రి పేరు, ఇంటి హద్దులు, బాకీ, అన్నీ ఊరంతా చదువుతారు. లోగ్ క్యా కహేంగే అని భయపడి చేసిన దావత్‌కు వచ్చినవాళ్లే ఆ ప్రకటన కూడా చదువుతారు. సివిల్ కోర్టుకు పోవడానికి లేదు. 45 రోజుల్లోగా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అది మదనపల్లెలో లేదు, పుంగనూరులో లేదు, కుప్పంలో లేదు.

చూడండి, బాకీ, కిస్తీ, జామీను, వసూలు, జప్తు... తెలుగులో ఈ లఫ్జ్‌లన్నీ మన ఉర్దూ, ఫార్సీ నుంచి వచ్చినవే. మాటలు మనవే, మతలబ్ మాత్రం మరిచిపోయాం.

"అయితే మజ్‌బూరీలో ఏం చేయాలి?" అని అడుగుతారు. సవాల్ సరైనదే. ఆపరేషన్ కోసం, ప్రాణం కోసం ఇల్లు తనఖా పెట్టినవాడిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, కట్టలేక నలిగిపోతున్నవాడు ఆ గుంట నుంచి బయటపడడానికి బ్యాంకుకు వస్తే అది అఖల్‌మందీయే. అలాగే అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా, ముద్దత్ పెంచకుండా, ఎక్కువ వడ్డీ లోన్‌ను తక్కువ వడ్డీకి మార్చుకోవడం మంచి పని. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ ముందే తీర్చినా, మార్చినా జుర్మానా వేయకూడదని నియమం ఉంది. నా ఝగడా రేటు తగ్గించుకోవడంతో కాదు. ఆ పేరుతో ఇంటిని ఖాళీ చేసుకోవడంతో.

"హలాల్ రాస్తా" పేరుతో ఇంకో గడ్డ కూడా ఉంది, మర్చిపోవద్దు. హైదరాబాద్ హీరా గ్రూప్ వ్యవహారంలో 2018లో అరెస్టులు జరిగాయి. 2019లో బెంగళూరు ఐఎంఏ మూతపడింది. సూద్ కాదు, మునాఫా అని నమ్మి పొదుపంతా పోసిన మిల్లత్ కుటుంబాలు రోడ్డెక్కాయి. గడ్డం చూసి, సలాం విని డబ్బిచ్చే అలవాటు మానుకోవాలి. ఇక సర్కారీ దారి సంగతి. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని ఫైనాన్స్‌కు సిఫార్సు చేసింది. 2017లో ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంక్ తేల్చేసింది. కాబట్టి ఆ దర్వాజా ఇప్పట్లో తెరుచుకోదు. మన దర్వాజా మనమే చూసుకోవాలి.

అందుకే నా గుజారిష్‌లు.

లోన్ తప్పనిసరి అయినవాళ్లు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ నుంచి అది ఇవ్వడం తప్పనిసరి. అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక రేటు అందులో ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, చదివి వివరించాలి. తెలుగులో అడగండి, షర్మ్ పడకండి. బీమా ప్రీమియం లోన్‌లో కలిపారా అని అడగండి. బ్యాంకు నుంచి ఫైనాన్స్ కంపెనీకి మారుతుంటే ఇంకా జాగ్రత్త. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. లోన్ తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు ఇవ్వాలి. 2023 డిసెంబర్ 1 నుంచి అది మీ హక్.

మస్జిద్ కమిటీలకు: నికాహ్ రిజిస్టర్ మీ చేతిలోనే ఉంది. జోడే అడిగిన ఇంటి నికాహ్‌కు ఖాజీ రాడు అని మూడు ఊళ్ల కమిటీలు కలిసి ఒక్క ఫైస్లా చేస్తే చాలు, ఏజెంట్ల సగం వ్యాపారం పడిపోతుంది. రంజాన్‌లో వసూలయ్యే రఖమ్‌లో సద్ఖా, అతియా కొంత తీసి మొహల్లాకు ఒక ఖర్జ్-ఎ-హసనా నిధి పెట్టండి. హిసాబ్ గోడకు అంటించండి. సూరె బఖరాలో రిబా హెచ్చరిక ఉన్నచోటే, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు ముద్దత్ ఇవ్వమన్న హుకుం కూడా ఉంది. మొదటిది మైకులో వినిపిస్తున్నాం. రెండోది ఎవరు చేసి చూపిస్తారు?

అబ్బాయిలకు: మీ అబ్బా జోడే అడిగితే వద్దనండి. కాబోయే బీవీ పుట్టింటి దస్తావేజులు లాకర్‌లో ఉండగా, ఆ డబ్బుతో కొన్న బండి మీద తిరగడం మర్దానగీ కాదు.

అక్కచెల్లెళ్లకు: చదవకుండా దస్తఖత్ పెట్టొద్దు. అన్న అలిగితే అలగనీ. అలక నాలుగు రోజులు ఉంటుంది, తనఖా ఇరవై ఏళ్లు ఉంటుంది.

అల్లా మన ఇళ్లను సలామత్‌గా ఉంచుగాక. ఆమీన్ అనేముందు, ఆ దస్తావేజులు ఎక్కడున్నాయో ఈ రోజే ఒకసారి చూసుకోండి.