ఈవీకి రోజూ 80 శాతమేనా? ముందు బ్యాటరీ ఏదో చూడండి

ఫోన్‌లో 80 శాతం లిమిట్ పెట్టుకునే అలవాటు కదా, ఈవీ కొన్నా మనం అదే రూల్ పట్టుకుంటున్నాం. నేనైతే ముందు మాన్యువల్ తీసి బ్యాటరీ కెమిస్ట్రీ చూడమంటాను. ఎన్‌ఎంసీ అయితే రోజూ 80 దగ్గర ఆపేయడమే మంచిది. ఫుల్ చేసి మే నెల ఎండలో రోజంతా పార్క్ చేస్తే కెపాసిటీ త్వరగా పడిపోతుంది. అయినా రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే, 300 ఇచ్చే కారులో 14 శాతం కూడా ఖర్చవదు. ఇంక 100 దేనికి?

ఎల్‌ఎఫ్‌పీ సంగతి వేరు. దాని వోల్టేజ్ చాలా వరకు ఫ్లాట్‌గా ఉంటుంది కాబట్టి, ఛార్జ్ ఎంత మిగిలిందో కారుకే కరెక్ట్‌గా అంచనా దొరకదు. అందుకే టెస్లా తన ఎల్‌ఎఫ్‌పీ కార్లను వారానికి ఒకసారైనా ఫుల్ చేయమంటుంది. ఎప్పుడూ 80 దగ్గరే ఆపితే డిస్‌ప్లేలో చూపించే శాతం తప్పొచ్చు. విజయవాడ హైవే మీద ఆ నంబర్‌ని నమ్ముకుని ఛార్జర్ దాటేసే కంటే, బ్యాటరీ కాస్త అరిగినా నాకు ఓకే.