అందరికీ ఒకటే జాతకం!

‘‘పైకి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల దిగులే. కష్టానికి తగ్గ గుర్తింపు రావడం లేదు. నమ్మినవాళ్లే ఒకసారి దెబ్బతీశారు.’’ కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏ క్యాంపు గదిలోనైనా ఈ మూడు ముక్కలు చదివి వినిపిస్తే, ఉన్నవాళ్లంతా ‘అచ్చం నా గురించే’ అంటారు. అప్పుచేసి వీసా కొనుక్కుని, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన మనకు ఇందులో వర్తించనిది ఏముంది గనక?

ఫోన్లలో వద్దన్నా వచ్చిపడే వ్యక్తిత్వ పరీక్షలు, ‘ఉచిత’ జాతకాల బలమంతా ఇదే. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు ఓ పరీక్ష పెట్టారు. వారం తర్వాత ఒక్కొక్కరికీ ‘మీ స్వభావం ఇదీ’ అని కాగితం ఇచ్చి, ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నారు. సగటున 4.26 పడ్డాయి. తీరా చూస్తే అందరి చేతిలోనూ ఒకటే కాగితం! అందులోని వాక్యాలు చాలావరకు దుకాణంలో దొరికే జాతకాల పుస్తకం నుంచి తీసినవి. విద్యార్థులు రాసిన జవాబులతో వాటికి సంబంధమే లేదు.

చదువుకున్నవాళ్లే ఎందుకు పడిపోయారు? చెప్పేవాడు సగమే చెబుతాడు, మిగతా సగం మనమే నింపుకుంటాం. ‘దగ్గరివాళ్లు మోసం చేశారు’ అనగానే ఏజెంటో, బావమరిదో మన కళ్లముందు మెదులుతారు. కలిసిన మాట గుర్తుంటుంది, తప్పినవి మరిచిపోతాం. కాస్త పొగడ్త కలిపి, ‘మీ ఒక్కరి కోసమే’ అంటే ఇక చెప్పేదేముంది! ఇంటికి దూరంగా, మనసు విప్పి మాట్లాడే మనిషి లేనిచోట ఆ మాటలు ఇంకా తియ్యగా ఉంటాయి.

జ్యోతిషం నిజమా కాదా అనే వాదనలోకి మేం వెళ్లడం లేదు. నమ్మకం కుదిరాక ఏం అడుగుతున్నారన్నదే అసలు సంగతి. కొందరు దోష నివారణకు డబ్బు అడుగుతారు. కొందరు చెప్పకుండానే వివరాలు లాగేస్తారు. ఫేస్‌బుక్‌లో నడిచిన ఒక వ్యక్తిత్వ క్విజ్ ద్వారా 8.7 కోట్ల మంది వరకు వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికాకు చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ కంపెనీయే ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మందే. స్నేహితులతో కలిపి ప్రభావం పడి ఉండొచ్చన్న లెక్క మాత్రం 5.62 లక్షలు.

ఈసారి అలాంటిది వస్తే, పేరు చెప్పకుండా పక్క మంచం ఆయనకు చదివి వినిపించండి. ఆయన కూడా ‘నా గురించే’ అంటే ఫోన్ పక్కన పెట్టేయొచ్చు. చెప్పేవాడు ఫోన్‌లో దొరికితే సూటిగా అడగండి: మోసం చేసిందెవరు, ఏ సంవత్సరంలో, ఎంత బాకీ?