అప్పు చేసి పట్నం పంపే ముందు

పంట డబ్బు చేతికి రాగానే కొడుకునో కూతురినో చదువుకని హైదరాబాదు పంపడం మన జిల్లా పల్లెల్లో పరిపాటి అయింది. డబ్బు చాలకపోతే అప్పు చేసి పంపేవారూ ఉన్నారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఉండి చదివేవారిలో పల్లె బిడ్డలే ఎక్కువ. వారిలో అధికులు గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్నవారు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ ప్రశ్నపత్రం లీకయిందని 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఇలాంటి దెబ్బలు తిన్న యువకుడు సర్కారు కొలువు మీద ఆశ సడలి ‘డేటాబేస్ సర్టిఫికెట్’ పరీక్ష వైపు చూడడంలో వింత లేదు. అయితే ఆ దారిలోనూ గుంటలున్నాయని తల్లిదండ్రులు తెలుసుకోవలసి ఉంది.

ఈ పరీక్షను ప్రభుత్వం పెట్టదు. డేటాబేస్ సాఫ్టువేరు తయారుచేసే కంపెనీలే పెడతాయి. ఫీజు వేలల్లో ఉంటుంది. తప్పితే మళ్లీ కట్టవలసిందే. అందుకే కొందరు అడ్డదారి వెతుకుతారు. పాత ప్రశ్నలూ జవాబులూ ‘డంపులు’ అనే పేరుతో చేతులు మారుతుంటాయి. వాటిని బట్టీపట్టి రాయడం కంపెనీల నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో రెండు పట్టికలు ముందుపెట్టి లెక్క తీయమంటే బట్టీ చదువు నోరు పెగలదు. తండ్రి చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

అసలు ఈ విద్య రైతు బిడ్డకు కొత్తేమీ కాదు. పట్వారీ రాసిన పహాణీ ఒక డేటాబేసే. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, వేసిన పంట వరుసగా గడుల్లో ఉంటాయి. ఊళ్లో ఒకే పేరు గలవారు ఇద్దరుండవచ్చు గనుక పేరు పట్టుకుని వెతికితే పొరపాటు వస్తుంది. సర్వే నంబరు పట్టుకుంటే రాదు. కంప్యూటరు చదువులో దానినే ‘ప్రైమరీ కీ’ అంటారు. సమాచారాన్ని ఇలా పట్టికలుగా పేర్చే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. ఆ పట్టికలను ప్రశ్నించే ఎస్.క్యు.ఎల్. భాష 1974లో వెలుగు చూసింది. అర్ధశతాబ్దం దాటినా బ్యాంకుల్లో, ఆఫీసుల్లో అదే నడుస్తున్నది. కనుక ఒకసారి సరిగా నేర్చిన విద్య వృథా పోదు.

పరీక్షలో పిల్లలు తడబడేది కూడా ఇలాంటి చిన్న సంగతుల వద్దనే. నలుగురు రైతుల దిగుబడి రాశారనుకుందాం. ముగ్గురికి 20, 30, 10 క్వింటాళ్లు. నాలుగో గడి ఖాళీ. సగటు ఎంత? నలుగురితో భాగించి 15 అనేవారు చాలామంది. కంప్యూటరు 20 అంటుంది. ఖాళీ గడిని అది సున్నాగా లెక్కించదు, తెలియని సంగతిగా వదిలేస్తుంది. దీనిని ‘నల్’ అంటారు. పంట రాలేదనడం వేరు, పంట సంగతి రాయలేదనడం వేరు. ఈ తేడా పల్లెలో పెరిగినవారికి ఇట్టే అర్థమవుతుంది. చేత్తో పది పట్టికలు తయారుచేసి, తప్పులు చేసి, దిద్దుకుంటేనే ఇది ఒంటబడుతుంది.

అందుకు మొదటి రోజునుంచే పట్నం పోనక్కరలేదు. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ వంటి సాఫ్టువేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఓ మోస్తరు కంప్యూటరు మీద కూడా నడుస్తాయి. రెండు మూడు నెలలు ఊళ్లోనే సాధన చేసి, ఈ పని మీద మనసు నిలుస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాత ఫీజు కట్టడం మేలు. పట్నంలో తోటివారి సాంగత్యం, సమాచారం దొరుకుతాయనే మాట నిజమే. కాని నెలనెలా గది అద్దె, మెస్సు ఖర్చు కట్టి అక్షరాలు దిద్దుకోవడం పేద కుటుంబానికి భారం.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నిరుద్యోగులతో కిటకిటలాడుతుంటుంది. అక్కడ కూర్చుని చదువుకునేందుకు చోటు దొరికితే చాలునని వచ్చేవారెందరో. మరి మన పల్లెల్లోనూ ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. ఆ డబ్బు మన పిల్లలకు ఎంతవరకు ఉపయోగపడుతున్నదో అడిగే హక్కు పన్ను కట్టేవారికి ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా గ్రంథాలయాల్లో నాలుగైదు కంప్యూటర్లు, ఎస్.క్యు.ఎల్. పుస్తకాలు ఏర్పాటుచేసి, సాయంత్రం పొద్దుపోయేదాకా తలుపులు తెరిచి ఉంచితే ఎన్నో కుటుంబాలకు అప్పు బాధ తప్పుతుంది. గ్రామసభల్లో ఈ కోరిక పెట్టవలసినది తల్లిదండ్రులే. అధికారులు కూడా ఈ విషయమై చొరవ తీసుకోవడం అవసరం.