ఎవరు చెప్పారు భాయ్?

మాకు అరబీ రాదు. ఉర్దూ సగం వచ్చు, సగం రాదు. మేం ఏడ్చేదీ నవ్వేదీ గజపతినగరం బజార్లో బేరమాడేదీ తెలుగులోనే. నూటికి ఒక్కరం కూడా లేని జిల్లా మాది. అందుకేనేమో, సెల్‌ఫోన్లో మక్కా బొమ్మ కింద నాలుగు అరబీ అక్షరాలు కనపడితే చాలు, కళ్ళకద్దుకుని పదిమందికి పంపేస్తాం.

మదీనా షేక్ అహ్మద్ కల సంగతే చూడండి. ప్రవక్త కలలో కనపడ్డారట. ఆ మాట నకలు తీసి పంచినవాడికి సిరి, పంచనివాడికి కొడుకు చావు! తాతల కాలంలో కరపత్రం, నాన్నల కాలంలో పోస్టుకార్డు, మా కాలంలో వాట్సాప్. ఇది అబద్ధమని ఈజిప్టులో రషీద్ రిజా రాశారు, సౌదీలో ఇబ్న్ బాజ్ రాశారు. షేక్ అహ్మద్ మాత్రం నూరేళ్ళు దాటినా కలలు కంటూనే ఉన్నాడు.

అడిగితే 'దీన్‌లో సందేహాలేంటి, ఈమాన్ పోతుంది' అని పెద్దలు కసురుతారు. పోయేది ఈమాన్ కాదు, వాళ్ళ పెత్తనం. నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోమన్నది ఖురానే, హుజురాత్ సూరా ఆరో ఆయత్. హదీసు పండితులు చేసిందేమిటి? ఎవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు, ఇద్దరూ కలుసుకునే వీలుందా, జ్ఞాపకం ఎలాంటిది అని గొలుసులో ఒక్కో మనిషినీ నిలబెట్టి అడిగారు. విద్య కోసం చైనా అయినా వెళ్ళమన్న మాట మాకెంత ఇష్టం! మా సభల్లో ఎన్నిసార్లు వాడుకున్నామో. 1201లో చనిపోయిన ఇబ్నుల్ జౌజీ దాన్ని కూడా కల్పిత హదీసుల్లో చేర్చారు.

2020 ఏప్రిల్‌లో మర్కజ్ పేరుతో మమ్మల్ని వైరస్ మోసేవాళ్ళను చేశారు. మే నెల వచ్చేదాకా మా జిల్లాలో ఒక్క కేసూ లేదు. అయినా మా టోపీలు చూసి పక్కకు జరిగారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీలను బలిపశువుల్ని చేశారంటూ కేసులు కొట్టేసింది. ఆ తీర్పును ఎంతమంది పంచారు? అప్పుడు 'రుజువేదీ' అని అరిచాం. సరైన అరుపే. మరి అదే వేలితో రుజువు లేని ఫత్వాలు, రుజువు లేని మహిమలు ఎలా పంపుతున్నాం? విజయనగరం బాబామెట్ట దర్గాకు వెళ్ళే మా అమ్మల్ని కాఫిర్లనే వీడియో మా ఇంట్లోకే వచ్చింది. చెప్పినవాడికి పేరు లేదు, చదివిన మదర్సా లేదు, గొలుసు లేదు. పంపినవాడు మాత్రం మా తమ్ముడే.

శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన చిలుకూరి నారాయణరావు, ముస్లిం కాని మనిషి, దాదాపు వందేళ్ళ కిందటే ఖురాన్‌ని తెలుగు చేశారు. తర్వాత ముస్లింల అనువాదాలూ వచ్చాయి. మా ఇళ్ళలో కితాబు గుడ్డలో చుట్టి అలమార పైనుంది. దించండి. ఆడపిల్లల చేతికీ ఇవ్వండి. ఇక ఏ హదీసు మా గడప తొక్కినా ఏ గ్రంథం, ఎవరి ఉల్లేఖనం అని అడుగుతాం. జవాబు లేకపోతే, చెప్పింది మౌల్వీసాబే అయినా సరే, ఆ మాట మా ఫోను దాటి పోదు.